నెల లెక్క ఎవరి చేతిలో ఉంది?

(విజయనగరంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఆడవాళ్ళను పోయిన ముట్టు ఎప్పుడొచ్చిందని అడిగితే తేదీ చెప్పరు. 'సంకురాత్రికి ముందు బయటున్నాను', 'సిరిమాను పండగెల్లిన వారానికి' అంటారు. ఇది అజ్ఞానమని విసుక్కునే డాక్టర్లున్నారు. నాకైతే ఇదీ లెక్కే. ఆ పండగ పక్కన కేలెండర్లో ఒక చుక్క పెడితే తేదీ అవుతుంది. పీసీఓఎస్ ఉన్న స్త్రీకి ఆ చుక్క చాలా విలువైనది.

అండాశయాల్లో 'నీటి బుడగలు' అని భయపెడతారు గాని అవి ఎదుగుదల ఆగిపోయిన అండాల సంచులు. 2003 నాటి రోటర్‌డామ్ ప్రమాణాల ప్రకారం మూడు లక్షణాల్లో రెండుండాలి: ముట్టు క్రమం తప్పడం, గడ్డం మీద వెంట్రుకల వంటి పురుష హార్మోన్ల లక్షణాలు, స్కానింగులో ఆ సంచులు. థైరాయిడ్ వంటి ఇతర కారణాలు లేవని తేల్చుకున్న తర్వాతే పేరు పెట్టాలి. కౌమారంలోని పిల్లలకైతే ఈ నిర్ధారణకు స్కానింగు వద్దని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. అయినా పదహారేళ్ళ పిల్లను ముందు స్కానింగుకే పంపుతున్నారు!

లెక్క మొదటి రోజు నుంచి మళ్ళీ మొదటి రోజు వరకు. రజస్వలై మూడేళ్ళు దాటాక 21 రోజుల లోపే వస్తున్నా, 35 రోజులు దాటుతున్నా, ఏడాదికి ఎనిమిదిసార్ల కంటే తక్కువ వచ్చినా క్రమం తప్పినట్టే. 90 రోజులు దాటితే డాక్టర్ని చూడాలి. ముట్టు రాకుండా ఏళ్ళు గడిస్తే గర్భసంచి లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారితీయవచ్చు. ఎన్నాళ్ళుంది, ఎన్ని గుడ్డలు మార్చారు, మెడ నల్లబడిందా అన్నవీ రాయాలి. పూజల కోసం ముట్టు వాయిదా మాత్రలు వేసుకుంటారు కదా, అవీ రాయాలి. ఆ మాత్రలు ఆపాక వచ్చే రక్తస్రావాన్ని మామూలు ముట్టుగా లెక్కేస్తే పట్టికంతా తప్పుతుంది. గర్భనిరోధక మాత్రలకూ ఇదే వర్తిస్తుంది.

2021లో మన రాష్ట్రంలో 'స్వేచ్ఛ' పథకం కింద బడిపిల్లలకు నెలకు పది నాప్‌కిన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. మంచి పనే. అయితే ప్యాకెట్ల లెక్క సరిపోతే చాలు, మూడు నెలలుగా ప్యాకెట్ విప్పని పిల్ల ఆ లెక్కలో కనబడదు. కనబడినా పెద్దవాళ్ళకు మొదట వచ్చేది ఒకే అనుమానం. అవమానానికి భయపడి ఆ పిల్ల తన తేదీలు దాచుకుంటుంది.

చివరకు 'సంచి తీయించేసుకో' అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో మూడు శాతం పైచిలుకు. మన రాష్ట్రంలో తొమ్మిది శాతానికి దగ్గర. అనవసరపు ఆపరేషన్ల కట్టడికి మార్గదర్శకాలు అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. పీసీఓఎస్ ఉన్నది సంచిలో కాదు, హార్మోన్లలో. సంచి పోయినా షుగరు ముప్పు పోదు. ఆరు నెలల తేదీలు చేతిలో ఉన్న స్త్రీ షుగరు పరీక్ష రాయమని అడగగలదు, మందులతో చూద్దామనీ అనగలదు.

గోడ కేలెండర్ని అత్తగారూ చదువుతారు, కాబట్టి చిన్న పుస్తకం మేలు. ఫోన్ యాప్ కూడా ఏమంత గుట్టు కాదు. వాడేవాళ్ళ వివరాలు ఇతర కంపెనీలకు అందించిందన్న ఆరోపణపై ఫ్లో యాప్ 2021లో అమెరికా ప్రభుత్వ సంస్థతో రాజీ చేసుకోవలసి వచ్చింది.

ఇక మన సంగతి. కిశోర బాలికల రిజిస్టర్లో పేరు పక్కన ముట్టు తేదీకి గడి పెట్టే సంస్థలున్నాయి. ఫలానా ఊళ్ళో ఇంతమంది పుస్తకం రాసుకుంటున్నారని మన రిపోర్టులో రాసుకుందాం. ఆ గడి మాత్రం తీసేయండి.