తంబూరాకు చివరి చేయి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆదోనిలో పత్తి గురించి, ఎమ్మిగనూరులో నూలు గురించి నేను చెప్పబోతే మీరు నవ్వుతారు. ఎమ్మిగనూరులో 1938లోనే మాచాని సోమప్పగారు నేతగాళ్లకు సహకార సంఘం పెట్టిన సంగతి మీరెరిగినదే. అయితే ఒక్క నూలుపోగు తంబూరాకు ప్రాణం పోస్తుందని మనలో ఎందరికి తెలుసు? దానిని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

హుబ్లీ దాటి పోతే మహారాష్ట్రలో మిరజ్ వస్తుంది. అక్కడి శికల్గార్లు, అంటే కత్తులకు సానపట్టే మన ముస్లిం కుటుంబాలవారు, 19వ శతాబ్దంలో ఆయుధాల పని తగ్గేసరికి సితారు, తంబూరాల తయారీకి దిగారు. ఫరీద్‌సాహెబ్ పేరు ముందుగా చెబుతారు. 2024లో మిరజ్ సితారుకు, తంబూరాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. త్యాగరాజ కీర్తన పాడి రికార్డు ఇచ్చిన అబ్దుల్ కరీంఖాన్ సాహెబ్ కాపురమున్నది ఆ ఊళ్లోనే.

ఎండిన బుర్రకు కట్టె అతికించి, నగిషీ చెక్కి, లక్క మెరుగు పెట్టాక చూసేవాడికి పని అయిపోయిందనిపిస్తుంది. అసలు పని అప్పుడే మొదలు! తీగలు ఆనే ఘోడీ ఉంది చూడండి, దాని పైభాగం బల్లపరుపుగా ఉండకూడదు. కంటికి ఆనీ ఆననట్టు వాలి ఉండాలి. మీటిన తీగ ఆ వాలును తాకుతూ విడుస్తూ ఝుమ్మంటుంది. దీన్నే జవారీ అంటారు. ఉస్తాదు ఆకురాయితో కొంచెం రుద్ది, తీగ బిగించి, శ్రుతి చేసి, చెవి ఒగ్గి వింటాడు. మళ్లీ వదులు చేస్తాడు, మళ్లీ రుద్దుతాడు. నాలుగు తీగలకూ ఇదే తంతు. తొందరపడితే అంతే, అరిగింది తిరిగి రాదు గదా. ఆఖరున తీగకూ ఘోడీకీ నడుమ నూలుపోగు దూరుస్తాడు. దాని పేరు జీవా. పేరు ఊరికే పెట్టలేదు. వెంట్రుకవాసి జరిగితే గొంతు మూసుకుపోతుంది. సరైన చోట నిలిస్తే తేనెతుట్టె కదిలినట్టే!

మన నూజివీడు, బొబ్బిలి వీణలకూ అంతే. పనసకట్టె చెక్కడం ఒక ఎత్తు, మైనంలో 24 మెట్లు చెవితో సరిచూసి నిలపడం ఒక ఎత్తు.

కొనేవారేమో నగిషీ చూస్తారు, మెరుగు చూస్తారు, జవారీ పట్టినవాడి కూలి అడగరు. వాయించగా వాయించగా తీగ ఘోడీని కోస్తుంది, జవారీ మళ్లీ పట్టాలి. ఆ చేయి కరువైతే ఉన్న తంబూరాలు గోడకే. ఫోనులోనే శ్రుతి మోగే రోజులివి, పిల్లలు ఈ పనికి రావడం కష్టమే.

సంఘాలు కుట్టుమిషన్లకు, మోటారు పనికి సాయం చేస్తాయి, మంచిదే. ఇదీ ఆ జాబితాలో చేర్చాలని నా కోరిక. వడ్రంగం తెలిసి, చెవి ఉన్న కుర్రవాడు ఒక్కడు చాలు, మిరజ్ పంపుదాం. పని పట్టుబడేదాకా సంపాదన ఉండదు గనుక ఆ నెలల బత్తెం మనం భరించాలి. మీ ఇళ్లలో అలాంటి పిల్లవాడుంటే సభ అయ్యాక కార్యదర్శిగారికి చెప్పండి.