రెండు విమానాల మధ్య



మాది బాగేపల్లి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో పాఠం చెప్పేది కన్నడంలో. మా ఊరి మీదుగా హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే పెద్దరోడ్డు ఉంది. ఆ దారిలో దక్షిణంగా గంటకు పైగా పోతే దేవనహళ్లి విమానాశ్రయం వస్తుంది. 2008 మే నెలలో ఆ విమానాశ్రయం తెరిచినప్పటి నుంచి మా ప్రాంతం వాళ్లకు విమానమంటే తల పైకెత్తి చూసే వస్తువు మాత్రమే కాదు. ఇటు చిక్కబళ్లాపురం, గౌరిబిదనూరు, అటు హిందూపురం, మదనపల్లె వైపు ఊళ్లలో ఎందరి పిల్లలో సింగపూరులోనో, సియోలులోనో, టోక్యోలోనో ఉద్యోగాలు చేస్తున్నారు. కాన్పులకూ, పుట్టువెంట్రుకలకూ తల్లిదండ్రులు ఇక్కడి నుంచి బయలుదేరి పోతున్నారు.

వాళ్లలో చాలామంది ఒకే విమానంలో చేరుకోలేరు. మధ్యలో ఎక్కడో దిగి మరో విమానం ఎక్కాలి. ఆ మధ్యలో జరిగే సంగతి గురించి ఈరోజు నాలుగు మాటలు చెబుతాను. నేను ఈ విషయంలో పండితురాలిని కాను. మా ఇంట్లో ఒక పొరపాటు జరిగింది. ఆ పొరపాటే నాకు పాఠం చెప్పింది.

2024 మే నెలలో మా అక్కయ్య కోడలికి నెలలు నిండాయి. అక్క కొడుకు దక్షిణ కొరియాలో, సియోలు నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కకు అరవై దాటాయి, రెండు మోకాళ్లూ నొప్పులే. వాడు నాకు ఫోను చేసి, "చిన్నమ్మా, అమ్మకూ నీకూ బిజినెస్ క్లాసులో టిక్కెట్లు వేసినాను. అమ్మ కాళ్లు చాపుకొని పడుకోవచ్చు. నీకు బడి సెలవులే కదా, తోడుగా రా" అన్నాడు. తల్లి సుఖం కోరి, మామూలు టిక్కెట్టుకు మూడింతలకు పైగా డబ్బు పెట్టాడు. ఆ ఊరంతా చెప్పుకున్నాం కూడాను.

దేవనహళ్లిలో బిజినెస్ క్లాసు వాళ్లకు వేరే కౌంటరు ఉంటుంది. క్యూ లేదు. పెట్టెలు తూకానికి పెట్టాం. కౌంటరులో ఉన్న అమ్మాయి మా పాస్‌పోర్టులు తిరగేసి, కన్నడంలో, "మేడం, సింగపూర్ వీసా ఇదెయా?" అని అడిగింది. కొరియా వీసా చూపించాను. "అది సరే, సింగపూరుది కావాలి" అంది. మా అక్క నడుమ కలుగజేసుకొని, "మేము సింగపూరులో ఉండేది లేదమ్మా, ఊరికే బండి మారేది" అంది.

అప్పుడు తెలిసింది అసలు విషయం. మావాడు కొన్నది ఒక టిక్కెట్టు కాదు, రెండు. బెంగుళూరు నుంచి సింగపూరుకు ఒక సంస్థది, సింగపూరు నుంచి సియోలుకు మరో సంస్థది. విడివిడిగా కొంటే కొంత చవకని అలా కొన్నాడు. ఆ రెండు సంస్థలకూ ఒకదానితో ఒకటికి సంబంధం లేదు. మొదటి విమానం వాళ్ల లెక్కలో మా ప్రయాణం సింగపూరుతో సరి. మా పెట్టెలు అక్కడ దింపేస్తారు. వాటిని తీసుకోవాలంటే మేము ఇమిగ్రేషన్ దాటి సింగపూరు దేశంలోకి అడుగుపెట్టాలి. అడుగుపెట్టాలంటే మన దేశం వాళ్లకు వీసా కావాలి. పోనీ పెట్టెలు వదిలేసి వెళ్దామంటే, రెండో విమానం బోర్డింగ్ పాసు మా చేతిలో లేదు. ఆ అమ్మాయి తన పని తాను చేసింది. ఆమె తప్పేమీ లేదు.

బిజినెస్ క్లాసు టిక్కెట్టు చేతిలో పట్టుకొని, ఆ రాత్రి మేము బాగేపల్లికి తిరిగి వచ్చాం.

మరునాటికి మావాడు మళ్లీ టిక్కెట్లు కొన్నాడు. ఈసారి బెంగుళూరు నుంచి సియోలు దాకా ఒకే టిక్కెట్టు. డబ్బంతా ముందే అయిపోయింది గనుక మామూలు తరగతి. మధ్యలో దిగింది అదే సింగపూరులో. ఎవ్వరూ వీసా అడగలేదు. పెట్టెలు నేరుగా సియోలుకు పోయాయి. అక్కకు చక్రాల కుర్చీ తెచ్చి, ఒక ద్వారం నుంచి ఇంకో ద్వారానికి తీసుకుపోయారు. ప్రయాణం సాఫీగా జరిగింది. కాని మేము ఇంచియోన్ విమానాశ్రయంలో దిగేసరికి మనవరాలు పుట్టి ఆరు గంటలయింది. అక్క ఎవరినీ ఏమీ అనలేదు. బిడ్డను ఒళ్లోకి తీసుకొని, "ఒక్క దినం ముందు వచ్చింటే" అంది, అంతే.

శ్రోతలారా! నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. విమానంలో కుర్చీ ఎంత మంచిదన్నది తరువాతి సంగతి. రెండు విమానాలూ ఒకే టిక్కెట్టులో ఉన్నాయా లేదా అన్నది ముందు చూడాలి.

మనకు తెలిసిన ఉదాహరణ చెబుతాను. ధర్మవరం జంక్షన్లో బండి మారేవాళ్లు ఉంటారు. మొదటి బండి ఆలస్యమైతే రెండో బండి మన కోసం ఆగదు. అది ఏసీ పెట్టె టిక్కెట్టయినా ఆగదు, జనరల్ టిక్కెట్టయినా ఆగదు. విమానమూ అంతే. కాకపోతే, ఒకే టిక్కెట్టు ఉన్నప్పుడు మొదటి విమానం ఆలస్యంగా చేరి రెండోది తప్పిపోతే, తరువాతి విమానంలో చోటు చూపించే పూచీ సంస్థదే. విడి టిక్కెట్లయితే ఆ నష్టం మనది. రెండో సంస్థ దృష్టిలో మనం రానివాళ్ల కింద లెక్క.

ఒకే టిక్కెట్టు అంటే ఒకే సంస్థ విమానాలే కానక్కరలేదు. 1997లో స్టార్ అలయన్స్, 1999లో వన్‌వరల్డ్, 2000లో స్కైటీమ్ అనే కూటములు ఏర్పడ్డాయి. ఒక సంస్థ అమ్మిన టిక్కెట్టులో మరో సంస్థ విమానం కూడా ఉండవచ్చు. మనం చూడవలసింది టిక్కెట్టు నంబరు. అది 13 అంకెలు ఉంటుంది. రెండు విమానాలకూ అదే నంబరు ఉంటే ధైర్యంగా ఉండవచ్చు. కాగితం మీద 'సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్' అన్న మాట కనిపిస్తే జాగ్రత్త పడండి. మీ తిప్పలు మీరే పడండి అని దాని అర్థం.

పెట్టెకు కట్టే చీటీ కూడా చదవండి. ప్రతి విమానాశ్రయానికీ మూడు ఇంగ్లీషు అక్షరాల గుర్తు ఉంటుంది. బెంగుళూరుకు బి ఎల్ ఆర్, సింగపూరుకు ఎస్ ఐ ఎన్, ఇంచియోనుకు ఐ సి ఎన్. చీటీ మీద చివరి ఊరి గుర్తు ఉంటే పెట్టె అక్కడిదాకా పోతుంది. మధ్య ఊరి గుర్తే ఉంటే కౌంటరు వదలక ముందే అడగండి. చేతులు కాలాక ఆకులు పట్టుకొని లాభం లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఢిల్లీలోనో ముంబాయిలోనో దిగి హైదరాబాదుకో విజయవాడకో మారేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. సాధారణంగా మన దేశంలో మొదట దిగిన చోటే పెట్టె తీసుకొని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి.

ఆసియాలోని కొన్ని నగరాల్లో ఒకటికి రెండు విమానాశ్రయాలు ఉన్నాయి. బ్యాంకాక్‌లో 2006లో తెరిచిన సువర్ణభూమి ఒకటి, పాతదైన డాన్ మువాంగ్ ఇంకొకటి. టోక్యోకు హనేడా, నరితా ఉన్నాయి. షాంఘైకి రెండు, సియోలుకు రెండు. ఒకదాంట్లో దిగి రెండోదాంట్లో ఎక్కవలసి వస్తే, ఊరంతా దాటి రోడ్డు మీదో రైలు మీదో పోవాలి. కౌలాలంపూరు అంతర్జాతీయ విమానాశ్రయంలో టెర్మినళ్లు రెండు వేరువేరుగా ఉన్నాయి, నడుమ రైలు తిరుగుతుంది. సింగపూరు చాంగీలో మొదటి మూడు టెర్మినళ్ల మధ్య చిన్న రైలు ఉంది. 2017లో తెరిచిన నాలుగోదానికి బస్సులో పోవాలి. కాబట్టి టిక్కెట్టు మీద ఊరి పేరు చూసి ఊరుకోక, విమానాశ్రయం పేరు, టెర్మినల్ నంబరు చూడండి.

కాలం లెక్క కూడా ఉంది. బ్యాంకాక్ గడియారం మనకంటే గంటన్నర ముందు, సింగపూరుది రెండున్నర గంటలు ముందు, జపాను, కొరియాలది మూడున్నర గంటలు ముందు. టిక్కెట్టు మీద ఉండేది ఏ ఊరికి ఆ ఊరి సమయం. ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. విమానం 12వ తేదీ రాత్రి 12 గంటల 30 నిమిషాలకు అని ఉంటే, మనం ఇల్లు కదలవలసింది 11వ తేదీ సాయంత్రం. 12వ తేదీ రాత్రి పోతే విమానం వెళ్లి ఒక రోజవుతుంది.

ఇక బిజినెస్ క్లాసు సంగతికి వస్తాను. దానిని నేను తక్కువ చేయడం లేదు. 1970ల చివరలో మొదటి తరగతికీ మామూలు తరగతికీ నడుమ ఈ తరగతి పుట్టింది. 2000 సంవత్సరంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బిజినెస్ క్లాసులో పూర్తిగా పడకగా మారే కుర్చీ పెట్టాక, మిగతా పెద్ద సంస్థలు కూడా ఆ దారి పట్టాయి. 2024 ఆగస్టులో మా అక్క తిరిగి వచ్చింది ఆ తరగతిలోనే. నేను బడి తెరుస్తారని ముందే వచ్చేశాను. ఆమె ఒక్కతే వచ్చింది. ఈసారి మావాడు ఒకే టిక్కెట్టు కొన్నాడు.

అక్క చెప్పిన మాటలు మీకు చెబుతాను. "లాంజ్ అని ఒక పెద్ద గది ఉంది. వేడినీళ్లు, స్నానం, ఇడ్లీ లేదుగానీ అన్నం ఉంది. విమానంలో కుర్చీని మంచంగా చేసి, దుప్పటి పరిచి ఇచ్చినారు. మోకాళ్లు నొయ్యలేదు. దిగేటప్పుడు ముందుగా దింపినారు." ఆ ముందుగా దింపడం చిన్న విషయం కాదు. కనెక్షన్‌కు సమయం తక్కువ ఉన్నప్పుడు పది నిమిషాలు కలిసి వస్తాయి. అయితే పడక కుర్చీ అన్ని విమానాల్లో ఉండదు. చిన్న విమానాల్లో బిజినెస్ క్లాసంటే వెడల్పు కుర్చీ మాత్రమే కావచ్చు. డబ్బు కట్టే ముందు ఏ విమానమో అడగండి. రెండు విమానాల్లో ఒకదానికే ఆ తరగతి కొనగలిగితే, ఎక్కువసేపు రాత్రి ఎగిరే దానికి కొనండి.

మోకాళ్ల నొప్పుల వాళ్లకు ఇంకో మాట. చక్రాల కుర్చీకి బిజినెస్ క్లాసు అక్కరలేదు. ఏ తరగతి వాళ్లకయినా ఇస్తారు. 48 గంటల ముందు చెప్పి, టిక్కెట్టులో రాయించుకోవాలి. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకు ఆ కుర్చీ తోసే మనిషే దారి చూపించేవాడు. మా అక్క సింగపూరులో ఒంటరిగా విమానం మారింది ఆ మనిషి సాయంతోనే.

భోజనం కూడా ముందే చెప్పాలి. 'హిందూ మీల్' అని రాయిస్తే శాకాహారం వస్తుందనుకుంటాం. అందులో కోడి మాంసమో చేపో ఉండవచ్చు. మా అక్క శనివారం నీచు ముట్టదు. అలాంటివాళ్లు 'ఏషియన్ వెజిటేరియన్' అని అడగాలి.

సామాను సర్దేటప్పుడు బాలింత కోసం ఎండు కొబ్బరి పెడతాం కదా. నూనె ఉన్న వస్తువు గనుక అది నిప్పు అంటుకునే వాటి జాబితాలో ఉంది. మా పెట్టెలోంచి తీయించేశారు. ఊరగాయ చేతిసంచిలో పెడితే తనిఖీలో ఆపుతారు, గట్టిగా మూసి పెద్దపెట్టెలో పెట్టాలి. సెల్‌ఫోను పవర్ బ్యాంకు మాత్రం పెద్దపెట్టెలో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. మందులూ చేతిసంచిలోనే. పెట్టె రాకపోతే విమానాశ్రయం దాటక ముందే ఫిర్యాదు రాయించండి. 2009 నుంచి మన దేశంలో అమలులో ఉన్న మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, పెట్టె దెబ్బతింటే 7 రోజుల్లోగా, ఆలస్యంగా అందితే అందిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

దేవనహళ్లికి పోయే దారుల్లో కన్నడంలో ఒక హెచ్చరిక రాసి ఉంటుంది. 'అవసరవే అపఘాతక్కె కారణ'. అంటే తొందరపాటే ప్రమాదానికి కారణం అని. అది బండి నడిపేవాళ్లకు రాసింది. టిక్కెట్టు కొనేవాళ్లకు కూడా పనికివస్తుంది.

ఇప్పుడు మావాడు టిక్కెట్టు కొనే ముందు నాకు ఫోను చేస్తాడు. "చిన్నమ్మా, ఒకే టిక్కెట్టే" అని ముందు ఆ మాట చెప్పి, తరువాత తరగతి చెబుతాడు. మీ పిల్లలు కూడా మీ కోసం ప్రేమతో టిక్కెట్టు కొంటారు. వద్దనకండి. కొనే ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి: "నాయనా, రెండు విమానాలూ ఒకే టిక్కెట్టులో ఉన్నాయా?"