పథ్యం తప్పిన మర్నాడు

(సంఘం స్వర్ణోత్సవాల ప్రారంభ సభలో, నవంబరు 14న చేసిన ప్రసంగ పాఠం. వక్త 1976 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి, తపాలా శాఖ విశ్రాంత ఉద్యోగి.)



పోయిన నెల మన కార్యదర్శి ఫోన్ చేసి, "షుగరు గురించి పది నిమిషాలు మాట్లాడరా" అన్నాడు. "నేను డాక్టర్ని కాదు కదరా, మన బ్యాచ్‌లో ఇద్దరు డాక్టర్లున్నారు, వాళ్లనడుగు" అన్నాను. "వాళ్లు చెబితే పాఠంలా ఉంటుంది. నువ్వు ఫెయిలై మళ్లీ పాసైనవాడివి, నువ్వే చెప్పు" అన్నాడు. స్నేహితుడు అంత గౌరవంగా పిలిచాక రాకపోతే బాగుండదని వచ్చాను.

ఈ రోజు మనకు బాలల దినోత్సవం. ప్రపంచ మధుమేహ దినం కూడా ఇవాళే. ఇన్సులిన్ కనుగొన్న వైద్యుల్లో ఒకరైన బాంటింగ్ పుట్టింది నవంబరు 14నే. చిన్నప్పుడు ఈ రోజున ఇదే ఆవరణలో మనకు నిమ్మతొనల బిళ్లలు పంచేవారు. వరసలో రెండోసారి నిలబడి తీసుకున్నవాళ్లలో నేనొకణ్ణి. ఆ లెక్క ఇప్పుడు తేలుతోంది.

నాకు షుగరు ఉందని 2009లో తెలిసింది. పరగడుపున 186. మొదట్లో భయం, తర్వాత పట్టుదల. అన్నం తగ్గించాను, పొద్దున్నే కాలవ గట్టు మీద నడిచాను, మాత్ర మానలేదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4 నుంచి 6.8కి వచ్చింది. పన్నెండేళ్లు దాదాపు అక్కడే నిలబెట్టాను. దాంతో గర్వం కూడా వచ్చింది. పెళ్లిళ్లకు వెళితే పక్క విస్తరిలో జాంగ్రీ చూసి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. నన్ను చూసి విస్తరి మార్చుకున్నవాళ్లు ఈ సభలోనే ఉన్నారు.

2022 సంక్రాంతికి పిల్లలు, మనవలు అందరూ వచ్చారు. కరోనా తర్వాత ఇల్లు నిండడం అదే మొదలు. మా ఆవిడ అరిసెలు, పాకుండలు, సున్నుండలు చేసింది. మనవరాలు తన చేత్తో అరిసె నోట్లో పెట్టింది. ఆ ఒక్కటీ తిన్నాను. సాయంత్రం ఇంకొకటి. "ఎలాగూ తప్పింది కదా, పండగ వెళ్లాక చూద్దాం" అనుకున్నాను. పది రోజులు అలాగే నడిచింది. పిల్లలు వెళ్లిన మర్నాడు పొద్దున గ్లూకోమీటరు తీసి చూస్తే 240.

నేను చేసిన అసలు తప్పు ఆ పొద్దున చేసింది. ఆ మీటరును డబ్బాలో పెట్టి, డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేశాను. రేపు చూద్దాం అనుకున్నాను. ఉగాది తర్వాత అనుకున్నాను. డాక్టరు గారి దగ్గరికి వెళితే ఏమంటారోనని రెండుసార్లు ఆస్పత్రి వీధి మొదట్లోనే ఆగి వెనక్కి వచ్చాను. పాత చీటీ చూపించి మందుల షాపులో అవే మాత్రలు కొనుక్కున్నాను. ఇంట్లో "అంతా బాగానే ఉంది" అన్నాను. అలా పద్నాలుగు నెలలు. ఎలాగూ లెక్క చూడడం లేదు కాబట్టి తిండికీ లెక్క లేకుండా పోయింది.

2023 మార్చిలో ఒకరోజు మా ఆవిడ, "ఏమండీ, గచ్చు మీద ఆ రక్తం ఏమిటి?" అంది. చూస్తే నా కుడికాలిదే. కొత్త చెప్పు కొరికి బొటనవేలి కింద పుండు పడింది. దాని మీదే రెండు రోజులు తిరిగాను. నొప్పి తెలియలేదు. పాదంలో స్పర్శ పోయింది. నొప్పి లేకపోవడం ఎంత భయంకరమో ఆ రోజు తెలిసింది.

ఆస్పత్రిలో పరీక్ష చేస్తే హెచ్‌బీఏ1సీ 11.2. పుండు మానకపోతే వేలు తియ్యాల్సి రావచ్చన్నారు. మా అబ్బాయి వయసున్న డాక్టరమ్మ ఎదురుగా తల వంచుకుని కూర్చున్నాను. తిడుతుందని ఎదురుచూశాను. ఆవిడ కాగితం పక్కన పెట్టి, "బాబాయ్ గారూ, అయిందేదో అయింది. ఇవాళ రాత్రి భోజనంలోకి ఏమిటి?" అంది. నాకు జవాబు తోచలేదు. పద్నాలుగు నెలల తప్పుకు సంజాయిషీ తయారు చేసుకుని వెళ్లాను గానీ, ఆ రాత్రి కూర గురించి ఆలోచించలేదు.

అప్పుడు ఈ బడే గుర్తొచ్చింది. ఏడో తరగతిలో ఒకరోజు ఇంటిలెక్కలు చెయ్యక బడి ఎగ్గొట్టాను. మర్నాడు, నిన్న ఎందుకు రాలేదని అడుగుతారని మళ్లీ ఎగ్గొట్టాను. మూడోరోజు రెండు రోజులకు జవాబు చెప్పాలి. అలా తొమ్మిది రోజులు క్యారేజీ పట్టుకుని లాకుల దగ్గర దాక్కున్నాను. పదో రోజు లెక్కల మాస్టారు సైకిలు మీద వస్తూ చూశారు. నేను దెబ్బలకు సిద్ధమయ్యాను. ఆయన "ఎక్కు" అన్నారు, అంతే. క్లాసులో దింపి, "నీ చోట్లో కూర్చో. ఇవాళ్టి లెక్క తియ్యి" అన్నారు. ఆయన ఇప్పుడు లేరు. యాభై ఏళ్ల తర్వాత అదే మాట డాక్టరమ్మ నోట విన్నాను.

అయితే నేను ఒక్కరోజులో బాగుపడలేదు. ఇంటికొచ్చి నాకు నేనే శిక్ష వేసుకున్నాను. రాత్రి మాత్ర వేసుకుని భోజనం మానేశాను. మూడో రాత్రి రెండు గంటలకు ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు, మాట తడబాటు. మీటరులో 54. మా ఆవిడ మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించింది. పావుగంట ఆగి మళ్లీ చూస్తే 82. అప్పుడు కాస్త పెరుగన్నం పెట్టింది. కొన్ని రకాల మాత్రలు వేసుకుని తిండి మానేస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. అందుకే చెబుతున్నాను, పథ్యం తప్పినందుకు ఉపవాసం ప్రాయశ్చిత్తం కాదు. తర్వాతి పూట మామూలు పథ్యం తినడమే ప్రాయశ్చిత్తం.

తర్వాత నేను చేసినవి చెబుతాను. ఇవి నాకు పనిచేశాయి. మీ మందుల సంగతి మీ డాక్టరు చెప్పాలి.

మొదటిది, అన్నం కొలిచాను. "కొంచెమే తింటాను" అనేవాణ్ణి. ఒకరోజు కప్పుతో కొలిస్తే ఆ కొంచెం మూడున్నర కప్పులు, పైగా మజ్జిగలోకి మారు. ఇప్పుడు కంచంలో సగం కూర, పావు భాగం పప్పో గుడ్డో చేపో, మిగిలిన పావు అన్నం. గోంగూర, ఆవకాయ మానలేదు గానీ, వాటి కోసం అన్నం పెంచడం మానేశాను. ముందు కూర, పప్పు కాస్త తిని ఆ తర్వాతే అన్నం కలుపుతాను. తిన్నాక పదిహేను నిమిషాలు పెరట్లోనైనా నడుస్తాను.

రెండోది, ఊళ్లో మాట కాకుండా మీటరు మాట విన్నాను. రాగిజావ ఎంత తాగినా ఫర్వాలేదని అందరూ అంటే పెద్ద గ్లాసుతో తాగేవాణ్ణి. రెండు గంటల తర్వాత చూస్తే 238. అదే రెండు పెసరట్లు, అల్లం పచ్చడితో తిన్నరోజు 162. రాగులు మంచివే, కానీ పిండిగా చేసి జావ కాస్తే తొందరగా అరిగి షుగరు పెరుగుతుంది. ఎవరి ఒంటికి ఏది పడుతుందో వాళ్ల మీటరే చెప్పాలి.

మూడోది, ఇంట్లో ఒప్పందం. మా ఆవిడ పోలీసయితే నేను దొంగనయ్యాను. ఆవిడ నిద్రపోయాక డబ్బా మూత చప్పుడు కాకుండా తియ్యడంలో నాకు మంచి నైపుణ్యం వచ్చింది. ఒకరోజు కూర్చుని మాట్లాడుకున్నాం. ఆవిడ "తినకండి" అనకూడదు, నేను దాచకూడదు. వంటింటి గోడ మీది క్యాలెండరులో నా అంకె నేనే రాయాలి. బాగున్నా, బాగోకపోయినా రాయాలి.

ఆ క్యాలెండరు మన క్లాసు హాజరు పట్టీలా ఉంటుంది. 310 రాసిన రోజులూ ఉన్నాయి. పోయిన వేసవిలో మేనకోడలి పెళ్లిలో రెండు పూతరేకులు, ఒక బొబ్బట్టు తిన్నాను. అంకె రాశాను, మర్నాడు పొద్దున పెసరట్టు తిన్నాను, నడకకు వెళ్లాను. హాజరు పట్టీలో ఒకరోజు రాలేదని రాసినంత మాత్రాన పేరు కొట్టెయ్యరు కదా. వరసగా రాకపోతేనే కొట్టేస్తారు.

పుండు మానడానికి పది వారాలు పట్టింది. వేలు దక్కింది. హెచ్‌బీఏ1సీ 11.2 నుంచి ఆరు నెలలకు 8.1, ఏడాదికి 7.2, మొన్న 7.0. కానీ పాదంలో పోయిన స్పర్శ తిరిగి రాలేదు. రోజూ రాత్రి అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకుంటాను. ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవను. ఆ పద్నాలుగు నెలలకు నేను కట్టిన జుర్మానా అది. పది రోజుల అరిసెలు నన్ను అంత చెయ్యలేదు. బీరువా తాళమే చేసింది.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు దాదాపు 10 కోట్లు. కాబట్టి ఈ పందిట్లో నేను ఒంటరివాణ్ణి కాను. మీలో ఎవరి బీరువాలోనో కూడా ఒక మీటరు ఉండే ఉంటుంది. ఎన్ని నెలలైందో నేనడగను. మధ్యాహ్నం మన భోజనాల్లో పులిహోర, బొబ్బట్లు ఉన్నాయని విన్నాను. నేను అర బొబ్బట్టు తింటాను, ఆ మేరకు అన్నం తగ్గిస్తాను, తర్వాత గ్రౌండు చుట్టూ నడుస్తాను. తోడు వచ్చేవాళ్లు రండి.

అంతకుముందు, మన ఎనిమిదో తరగతి గదిలో సంఘం వాళ్లు షుగరు పరీక్ష పెట్టారు. అక్కడ వరసలో ముందు నేనే నిలబడతాను. ఈసారి రెండోసారి నిలబడాల్సిన పని లేదు. ఎంత వచ్చినా అక్కడ ఎవరూ తిట్టరు. ఇవాళ్టి భోజనం సంగతి మాత్రం మాట్లాడుకుందాం.