కాలువ గట్టున జాగ్రత్త

1996లో కృష్ణ నీళ్లు కండలేరు నుంచి ఊత్తుకోట మీదుగా పూండి జలాశయానికి చేరాయి. తిరువళ్ళూరు ప్రాంతంలో మనకు చెరువులు తెలుసు, కుశస్థలి నది తెలుసు. ఈ కాలువ తీరు వేరు. ఏటవాలు గట్టుకు సిమెంటు పూత, నీరు తగిలేచోట పాచి. కాలు జారితే పట్టుకోవడానికి గడ్డిపరకైనా దొరకదు. ఈత వచ్చినవాడు సైతం పైకి ఎక్కలేక అలసిపోతాడు. బిందె ముంచబోయినా, బట్టలు జాడించబోయినా ఇదే గండం.

ఒకరు పడగానే వెనకే ఇంకొకరు దూకుతారు చూశారూ, ఒకే ఇంట్లో రెండు ప్రాణాలు పోయేది అక్కడే. మునిగేవాడు ఎవరు అందితే వాళ్ల మెడ పట్టుకుంటాడు. మీరు గట్టునే బోర్లా పడుకుని చీర విసరండి, పొడుగాటి కర్ర అందించండి. మూత బిగించిన ఖాళీ డబ్బాకు తాడు కట్టి విసిరితే మరీ మేలు.

బయటికి తీశాక గిరగిరా తిప్పడం, కడుపు నొక్కడం మన పల్లెల్లో అలవాటు. ససేమిరా వద్దు. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోట్లో ఊపిరి ఊదండి. రొమ్ము మధ్య గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోను చేయాలి.

కాలువకు దూరంగా ఉన్న తిరుత్తణి శ్రోతలకూ ఒక మాట. ఆడికృత్తికనాడు కోనేటి మెట్లు జనంతో కిక్కిరిసిపోతాయి. స్నానానికి దిగేముందు కావడి వేరొకరికి అప్పగించి, పిల్లవాడి చెయ్యి మీరే పట్టుకోండి.