చందా పుస్తకం నేర్పిన పాఠం



చందాలు వసూలు చేసే పని గురించి యువకులకు నాలుగు మాటలు చెప్పమన్నారు. సోలాపూర్ తూర్పు భాగంలో చంకలో రసీదు పుస్తకం పెట్టుకొని ముప్పై ఏళ్లు తిరిగినవాళ్లం. ఇక్కడి మాటలో వర్గణీ, పావతీ... మా బతుకంతా వాటితోనే గడిచింది.

మన తాతలు తెలంగాణ నుంచి నేత పనిని నమ్ముకొని వచ్చిన్రు. సోలాపూర్ చద్దరుకు పేరొచ్చింది వాళ్ల చేతుల వల్లనే. మగవాళ్లు మరమగ్గాల మీద, ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టి ఇల్లు నడిపిన్రు. గుడైనా, బడైనా ఆ పైసలతోనే కట్టుకున్నం.

మా తప్పు ఒకటి చెప్పుకుంటం. ఒక ఏడు పిల్లల ఫీజుల నిధికి చందా పట్టినం. బీడీలు చేసే ఒక అక్క పది రూపాయలు ఇస్తే, "ఉండనియ్యక్కా, నీకెందుకు ఇబ్బంది" అని వాపసు ఇచ్చినం. దయ చూపించినమనే అనుకున్నం. మరుసటి ఏడు ఆమె కొడుక్కి ఫీజు కావాల్సి వచ్చింది. మా దగ్గరికి రాలేదు. చదువు మాన్పించి మగ్గం పనిలో పెట్టింది. "ఎందుకు రాలేదక్కా?" అంటే, "నా పది రూపాయలు మీకు పనికి రాలే. మీ నిధి నాకెట్ల పనికొస్తది?" అన్నది. మాకు నోట మాట రాలేదు. ఆ పిల్లవాని చదువు మళ్లీ తేలేకపోయినం.

అప్పటి నుంచి పద్ధతి మార్చినం. ఏ గడపా దాటిపోం. పగారు అందిన మరునాడే పోతం. ఒక్కరు కాదు, ఇద్దరు పోతం. గడప దిగకముందే రసీదు రాసిస్తం. పది రూపాయలైనా, పదివేలైనా సభలో పేరు చదువుతం. ఖర్చు కూడా అదే సభలో చదువుతం. మహారాష్ట్రలో రిజిస్టరైన ట్రస్టు లెక్కలు ఏటా ఆడిట్ చేయించాలి. అది చట్టం. కానీ బీడీ అక్కకు అర్థమయ్యేటట్టు లెక్క చెప్పడం మన బాధ్యత. ఇంకొకటి గుర్తుంచుకోండి: 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. అట్లాంటివాళ్లను చెక్కు గానీ, ఆన్‌లైన్‌లో గానీ ఇయ్యమనండి.

ఇప్పుడు క్యూఆర్ కోడ్ వచ్చింది. పైసలు తొందరగా వస్తున్నయి, మంచిదే. కానీ ఫోన్లో పంపినవాళ్ల పేర్లే మనకు తెలుస్తున్నయి. ఎవరింట్లో మగ్గం ఆగింది, ఏ పిల్ల బడి మానేసింది అనేది గడపలో కూర్చుంటేనే తెలుస్తది. చందాకు పోయినప్పుడు ముందు ఆ ముచ్చట్లు అడగండి, తరువాత పుస్తకం తీయండి.

శ్రావణ పౌర్ణమికి మార్కండేయ రథం కదిలేలోపు ఒక్కొక్కరు ఇరవై ఇండ్లకు పోవాలని మా కోరిక. మేమూ వస్తం. మా మొదటి ఇల్లు ఆ అక్కదే.

జై మార్కండేయ!