ఎన్ని గంటలు, ఎంతమంది?

ఇక్కడ సార్నియాలో లాంబ్టన్ కాలేజీ విద్యార్థులకూ, కెమికల్ వ్యాలీ కర్మాగారాల్లో షిఫ్టు దిగి నేరుగా ఇక్కడికే వచ్చినవాళ్ళకూ, మన అందరికీ తెలిసిన సినిమాతోనే మొదలుపెడతాను.

2022 మే 20న ‘ఆర్‌ఆర్‌ఆర్’ ఓటీటీలోకి వచ్చింది. హిందీ రూపం నెట్‌ఫ్లిక్స్‌లో. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం జీ5లో. పది రోజుల్లో 100 కోట్ల స్ట్రీమింగ్ నిమిషాలు దాటామని జీ5 ప్రకటించింది. జూన్‌లో నెట్‌ఫ్లిక్స్ 4.5 కోట్ల గంటలు అంది. చెవికి వంద కోట్లే పెద్దగా వినిపిస్తుంది. దాన్ని అరవైతో భాగించండి, గంటలు 1.67 కోట్లే. సినిమా నిడివి మూడు గంటల పైన. ఆ లెక్కన జీ5లో సినిమా మొదటి నుంచి చివరిదాకా ఆడింది సుమారు 55 లక్షల సార్లు, నెట్‌ఫ్లిక్స్‌లో దాదాపు కోటిన్నర సార్లు. లెక్కించిన రోజులు వేరు కనుక ఎవరు గెలిచారని అడగొద్దు. నిమిషాలని చెబితే అంకె ఎంత ఉబ్బుతుందో మాత్రం చూడండి.

నన్ను బాధపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. నెట్‌ఫ్లిక్స్ ఇంగ్లీషేతర చిత్రాల పట్టికలో ‘ఆర్‌ఆర్‌ఆర్’ వారాల తరబడి నిలిచింది హిందీ సినిమాగానే. రాజమౌళి తెలుగులో తీసిన సినిమా అది. ప్రపంచమంతా చూసినట్టు చెప్పే ఆ లెక్కలో తెలుగు అన్న మాటే లేదు. తెలుగులో చూసినవాళ్ళ లెక్క ఇంకో కంపెనీ దగ్గర, ఇంకో కొలతలో ఉండిపోయింది.

కొలత కూడా కుదురుగా ఉండలేదు. మొదట్లో నెట్‌ఫ్లిక్స్ ఒక సినిమానో ఎపిసోడ్‌నో 70 శాతం చూస్తేనే చూసినట్టు లెక్క వేసేది. 2020 జనవరిలో రెండు నిమిషాలు చూస్తే చాలంది. ‘అవర్ ప్లానెట్’ పాత లెక్కలో 3.3 కోట్ల ఇళ్ళు, కొత్త లెక్కలో 4.5 కోట్ల ఇళ్ళు. చూసినవాళ్ళు ఒక్కరు కూడా పెరగలేదు. 2021 నవంబరులో చూసిన గంటలు ఇవ్వడం మొదలైంది. గంటల లెక్కలో పది ఎపిసోడ్ల సిరీస్ ముందు రెండు గంటల సినిమా నిలవలేదు. అందుకే 2023 జూన్ నుంచి గంటలను నిడివితో భాగించి, దాన్ని ‘వ్యూస్’ అంటున్నారు.

వ్యూస్ అంటే మనుషులు కారు. ఒకే టీవీ ముందు అమ్మమ్మతో కలిపి ఐదుగురు చూస్తే ఒక్కటే వ్యూ. ఒక కుర్రాడు మూడుసార్లు చూస్తే మూడు. ఇద్దరు చెరి సగం చూసి ఆపేస్తే, అది కూడా ఒకటే.

సంతలో బియ్యం కొనేటప్పుడు మానిక ఎవరిదో చూసుకునేవాళ్ళం. ఓటీటీలో మానిక అమ్మేవాడిదే. టీవీకి అలా కాదు. కెనడాలో టీవీ ప్రేక్షకులను కొలిచేది న్యూమెరిస్, 1944లో బీబీఎం పేరుతో పుట్టిన సంస్థ. ఎంపిక చేసిన ఇళ్ళకు చిన్న మీటరు ఇస్తుంది, కార్యక్రమం శబ్దంలో చెవికి అందని సంకేతాన్ని ఆ మీటరు పట్టుకుంటుంది. అందులో పొరపాట్లకు తావుంది, కానీ చానల్ తన లెక్క తానే రాసుకోదు. భారతదేశంలో ఓర్మాక్స్ మీడియా అనే సంస్థ సర్వే చేసి ఓటీటీ ప్రేక్షకుల సంఖ్యను అంచనా వేస్తుంది. సినిమాకు కనీసం అరగంట చూసినవాళ్ళనే లెక్కిస్తుంది. నాకు ఆ పద్ధతి నెట్‌ఫ్లిక్స్ రెండు నిమిషాల కన్నా చాలా నయమనిపిస్తుంది.

సార్నియాలో కూర్చుని మీరు చూసింది నెట్‌ఫ్లిక్స్ కెనడా టాప్ 10 లోకి వెళ్తుంది, బ్లూవాటర్ వంతెన దాటి పోర్ట్ హ్యూరన్‌లో మీ స్నేహితుడు చూసింది అమెరికా టాప్ 10 లోకి. ఆ దేశాల పట్టికల్లో ర్యాంకులే ఇస్తారు, గంటలు ఇవ్వరు. కెనడాలో రెండో స్థానం అంటే వేల మందా, లక్షల మందా అన్నది బయటివాళ్ళకు తెలిసే దారి లేదు.

ఈ దాపరికం దెబ్బ రచయితల కూలి మీద పడింది. 2023లో అమెరికా రచయితలు మే 2 నుంచి దాదాపు ఐదు నెలలు సమ్మె చేశారు. తర్వాతి ఒప్పందం ప్రకారం, ఒక ఓటీటీకి ఉన్న దేశీయ చందాదారుల్లో 20 శాతానికి సమానమైన వ్యూస్ మొదటి 90 రోజుల్లో వస్తే రచయితకు బోనస్ ఇవ్వాలి. గంటల లెక్క గోప్యంగానైనా రచయితల గిల్డ్‌కు చూపాలి. ఆ డిసెంబరులోనే నెట్‌ఫ్లిక్స్ మొదటిసారి 18,000 పైచిలుకు టైటిళ్ళ ఆరు నెలల గంటలు ప్రజలముందు పెట్టింది.

తెలుగు రచయితల ఒప్పందాల్లో కూడా ఆ షరతు ఉండాలని, భాషవారీగా గంటలు చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఇక మీ ప్రశ్నలు అడగండి.