పట్టి ఉంచే వేగం, విడిపించే బ్రేకు



కోలారు, చిత్తూరు, కృష్ణగిరి జిల్లాల నడుమ రాత్రిపూట తిరిగే బండ్లలో పికప్‌లు తక్కువేమీ కాదు. టమోటా పెట్టెలు, పూలబుట్టలు, పాల క్యాన్లు వేసుకుని తెల్లవారేలోగా మార్కెట్టు చేరాలని బయలుదేరుతాయి. వాటిలో చేతులు మారిన పాత బండ్లు చాలానే ఉంటాయి. బండి వేగాన్ని ఒకే తీరున పట్టి ఉంచే ఏర్పాటు గురించి, అది చెడితే లోపం ఎక్కడ వెదకాలన్న దాని గురించి ఈ పూట నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఈ ఏర్పాటును క్రూయిజ్ కంట్రోల్ అంటారు. డ్రైవరు బొత్తాం నొక్కితే అప్పటి వేగాన్ని బండి గుర్తుపెట్టుకుంటుంది. ఎత్తు వస్తే ఇంధనం పెంచుతుంది, పల్లం వస్తే తగ్గిస్తుంది. దీన్ని రూపొందించినవాడు అమెరికాకు చెందిన ఇంజనీరు రాల్ఫ్ టీటర్. ఐదేళ్ల వయసులోనే ఆయన చూపు పోయింది. బండి నడపని మనిషి బండి వేగాన్ని అదుపు చేసే యంత్రం కనిపెట్టాడు! ఆయనకు 1950లో పేటెంటు దక్కింది. 1958లో క్రిస్లర్ కంపెనీ ఇంపీరియల్ కార్లలో దీన్ని మొదటిసారి అమర్చింది.

మన పాత పికప్‌లలో ఇది కనబడేది అరుదు. అయితే దీనికి దూరపు చుట్టం ఒకటి మనకు తెలుసు. కొన్ని పాత జీపులలో డాష్‌బోర్డు దగ్గర చేతితో లాగే యాక్సిలరేటర్ ఉంటుంది. ట్రాక్టరులో చేతి లీవరు అందరూ చూసే ఉంటారు. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజనుతో ఇతర పనులు చేయించుకోవడానికి అది పనికొస్తుంది. కాలు నొప్పి పుట్టిందని దాన్ని లాగి, హైవే మీద అలాగే పోనిచ్చే అలవాటు కొందరికి ఉంది. ఇక్కడే ప్రమాదం పొంచి ఉంది. క్రూయిజ్ కంట్రోల్‌లో బ్రేకు మీద కాలు పడగానే ఏర్పాటు దానంతటదే విడిపోతుంది. చేతి యాక్సిలరేటర్‌కు ఆ తెలివి లేదు. మీరు బ్రేకు తొక్కుతుంటే, అది ఇంజనును ముందుకు తోస్తూనే ఉంటుంది. నడుస్తున్న బండిలో దాన్ని ముట్టుకోకపోవడమే క్షేమం.

ఇక క్రూయిజ్ కంట్రోల్ ఉన్న పాత బండి సంగతి. బొత్తాం నొక్కినా వేగం పట్టడం లేదనుకోండి. వెంటనే పెట్టె విప్పనక్కరలేదు. ముందుగా ఒకరిని బండి వెనక నిలబెట్టి బ్రేకు తొక్కండి. వెనక ఎర్రలైట్లు రెండూ వెలుగుతున్నాయా? కాలు తీయగానే ఆరుతున్నాయా? బ్రేకు పెడలు దగ్గర ఉండే చిన్న స్విచ్చే లైటునూ వెలిగిస్తుంది, క్రూయిజ్‌నూ విడిపిస్తుంది. కొన్ని బండ్లలో ఈ రెండింటికీ వేరువేరు స్విచ్చిలు ఉంటాయి. లైట్లు ఆరకుండా వెలుగుతూనే ఉంటే, బ్రేకు మీద కాలు ఉందనే బండి అనుకుంటుంది, వేగం పట్టదు. కొన్ని పాత బండ్లలో బల్బులు రెండూ మాడిపోయినా ఇదే తంతు. ఫ్యూజు, బల్బు, స్విచ్చి ఈ వరుసలో చూడండి. క్లచ్చి పెడలు దగ్గర కూడా ఇలాంటి స్విచ్చి ఉండవచ్చు. గంటకు సుమారు 40 కిలోమీటర్ల లోపు వేగంలో చాలా బండ్లలో ఇది అసలు పనిచేయదని కూడా గుర్తుంచుకోండి.

వేగం పట్టినట్టే పట్టి ఎత్తు మీద జారిపోతుంటే, పాత రకం బండ్లలో గాలి లాగే రబ్బరు గొట్టాలను అనుమానించాలి. ఇంజను వేడికి అవి పగుళ్లు తీస్తాయి. స్పీడోమీటరు ముల్లు ఎగిరెగిరి పడుతుంటే వేగం తెలిపే కేబులునో, సెన్సరునో చూడాలి. వేగం ఎంతో తెలియని యంత్రం దాన్ని పట్టి ఉంచలేదు కదా!

ఒక్క హెచ్చరిక. బ్రేకు దగ్గర క్రూయిజ్‌ను విడిపించే స్విచ్చి చెడిందని దాని రెండు తీగలూ కలిపి ముడివేసి పంపమని మెకానిక్కును ఎన్నడూ అడగవద్దు. క్రూయిజ్ పనిచేస్తుంది, నిజమే. బ్రేకు తొక్కినప్పుడు మాత్రం విడవకపోవచ్చు.

మన ఇళ్ల పిల్లలు అమెరికాలో ఉండి పాత పికప్ కొన్నవారైతే వారికీ ఒక మాట చెప్పండి. అక్కడ ఫోర్డ్ కంపెనీ పాత బండ్లలో క్రూయిజ్‌ను విడిపించే స్విచ్చిలోకి బ్రేకు ద్రవం కారి, నిలిపి ఉంచిన బండ్లకు కూడా నిప్పు అంటుకున్న సంఘటనలు జరిగాయి. 1999 నుంచి 2009 వరకు విడతలవారీగా దాదాపు 1 కోటి 40 లక్షల బండ్లను ఆ కంపెనీ మరమ్మతుకు వెనక్కి పిలిచింది. తాము కొన్న బండికి ఆ మరమ్మతు జరిగిందో లేదో వారు విచారించుకోవాలి.

అన్నిటికంటే పెద్ద లోపం వేగం పట్టకపోవడం కాదు, పట్టిన వేగం విడవకపోవడం. దీనికి క్రూయిజ్ ఉండనక్కరలేదు. తీగతో నడిచే యాక్సిలరేటర్ ఉన్న ఏ పాత బండికైనా రావచ్చు. ఇంజను ఆపి, యాక్సిలరేటర్‌ను చేత్తో అదిమి వదలండి. టక్కున వెనక్కి రావాలి. నెమ్మదిగా వస్తే ఇంజను వైపు తీగ కొస విప్పి అక్కడి లీవరును చేత్తో ఆడించండి. లీవరు చురుగ్గా తిరిగివస్తే లోపం తీగలోనో పెడలులోనో ఉంది. రాకపోతే స్ప్రింగు సడలింది, లేదా లీవరు కీలు దుమ్ముపట్టింది. తీగలో ఒక్క పోగు తెగినా తీగ మొత్తం మార్చవలసిందే. తెగిన పోగు గొట్టంలో గుచ్చుకుని పట్టేస్తుంది. పెడలు కింద మడతపడిన మ్యాటు, దొర్లే నీళ్లసీసా కూడా ఇదే పని చేస్తాయి. ఇవి తీసివేయడానికి పైసా ఖర్చు లేదు.

నడుస్తుండగా యాక్సిలరేటర్ పట్టేస్తే కంగారుపడకండి. క్లచ్చి, బ్రేకు రెండూ గట్టిగా తొక్కండి. ఇంజను హోరుమంటుంది, అననివ్వండి. గేరు న్యూట్రల్‌లో వేసి బండిని పక్కకు తీసి, ఆగిన తరువాతనే ఇంజను ఆపండి. బ్రేకును పదేపదే తొక్కి వదలవద్దు; ఇంజను ముందే ఆగిపోతే బ్రేకుకు అందే సాయం రెండు మూడు తొక్కుళ్లకు మించి నిలవదు. కదులుతున్న బండిలో తాళంచెవి బయటికి లాగితే స్టీరింగు బిగుసుకునే ప్రమాదం ఉంది.

మొగిలి ఘాటులోనైనా, తొప్పూరు ఘాటులోనైనా దిగేటప్పుడు క్రూయిజ్ ఊసే వద్దు. చిన్న గేరులో ఇంజను పట్టుతో దిగాలి. వానలో తడిసిన రోడ్డు మీదా అంతే.

కన్నడం బోర్డు 'నిధానవాగి చలిసి' అంటుంది. ఆ నిధానమే మన నిదానం. ఈ రాత్రి సరుకు ఎత్తేముందు బ్రేకు లైట్లు ఒకసారి, యాక్సిలరేటర్ ఒకసారి చూసుకోండి. రెండు నిమిషాల పని. ఇంటి దగ్గర మీకోసం ఎదురుచూసేవారు ఉన్నారు.

సెలవు.